పుట్టింటి పొలంలో వాటా ఎలా అడగాలి?

"కట్నం ఇచ్చి పెళ్ళి చేశాం కదమ్మా, మళ్ళీ పొలంలో వాటా ఏంటి?" తెలుగు పల్లెల్లో వాటా అడిగిన ఆడపిల్లకు ముందుగా ఎదురయ్యే మాట ఇదే. కట్నం తీసుకోవడమే కాదు, ఇవ్వడం కూడా నేరమే. వాటాకు అది బదులు ఎలా అవుతుంది? హిందూ వారసత్వ చట్టానికి 2005లో వచ్చిన సవరణ ప్రకారం పిత్రార్జితంలో కూతురికి కొడుకుతో సమానంగా పుట్టుకతోనే హక్కు ఉంది. పెళ్ళయినా అది పోదు. 2005 నాటికి తండ్రి బతికి ఉండాల్సిన పని లేదని 2020లో సుప్రీంకోర్టు కూడా తేల్చింది. 2004 డిసెంబర్ 20కి ముందే పద్ధతిగా పంపకాలు అయిపోయి ఉంటే మాత్రం వాటిని తిరగదోడలేరు. తండ్రి స్వార్జితమైతే ఆయన వీలునామా రాసినట్టే పోతుంది. రాయకపోతే భార్యకు, కొడుకులకు, కూతుళ్ళకు సమాన వాటాలు. ఆయన తల్లి బతికి ఉంటే ఆమెకూ ఒక వాటా. ముస్లిం, క్రైస్తవ కుటుంబాలకు నియమాలు వేరు.

1. తొందరపడి సంతకం పెట్టకండి

తండ్రి పోయిన ఆ పది రోజుల్లోనే, ఇల్లంతా చుట్టాలతో నిండి ఉండగా, "పాసుపుస్తకం మార్చాలి, ఇక్కడ ఒక సంతకం పెట్టు" అంటారు. ఆ ఏడుపులో ఎవరూ చదవరు. అది హక్కు వదులుకుంటున్నట్టు రాసిన పత్రం కావచ్చు. "చదివి చెప్తాను" అనండి చాలు. "మా ఆయన్ని అడిగి చెప్తా" అని మాత్రం అనొద్దు. అన్నారా, ఇక కథంతా "అల్లుడే ఎగదోస్తున్నాడు" అని మారిపోతుంది!

ఎప్పుడో తెల్లకాగితం మీద సంతకం పెట్టేశారా? అంతటితో ఆశ వదులుకోకండి. హక్కు విడుదల పత్రం చెల్లాలంటే రిజిస్టర్ కావాలి. దాన్ని లాయర్‌కి చూపించండి.

2. కాగితాలు

సర్వే నంబర్లు రాసుకోండి. అడంగల్ లేదా పహాణీ (పొలం, సాగు వివరాలు), వన్ బి (ఎవరి పేరున ఎంత భూమి ఉందో చూపే రికార్డు), ఈసీ (ఆ భూమి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల వివరాలు) తీసుకోండి. పాసుపుస్తకంలో అన్నయ్య పేరు ఎక్కినంత మాత్రాన మీ వాటా పోదు.

3. ముందు అమ్మతో మాట్లాడండి

చాలా ఇళ్ళలో అమ్మ వాటా గురించి కూడా ఎవరూ ఎత్తరు. అందుకే ఆమెతో మొదలుపెట్టడం మేలు. తర్వాత అన్నదమ్ములతో, పండగ పూట పదిమందిలో కాకుండా విడిగా కూర్చోండి. పొలమే కావాలా, దాని విలువ డబ్బుగా తీసుకుంటారా, కౌలుకు అన్నయ్యే చేసుకుంటాడా అన్నది ముందే తేల్చుకుని వెళ్ళండి. పుట్టింటికి రాకపోకలు తెగిపోతాయన్న భయం ఉత్తిది కాదు, కొన్ని ఇళ్ళలో నిజంగానే తెగుతాయి. ఆ మాట మనసులో పెట్టుకునే మాట్లాడండి.

4. ఒప్పుకుంటే

పెద్దమనుషుల ముందు నోటిమాటతో సరిపెట్టుకోవద్దు. హద్దులతో సహా భాగపంపకాల దస్తావేజు రాయించి రిజిస్టర్ చేయించండి. మీ పేరు మీదే. ఆ వెంటనే మ్యుటేషన్, అంటే రెవెన్యూ రికార్డుల్లో పేరు మార్పు, చేయించుకోండి.

5. ఒప్పుకోకపోతే

15100కి ఫోన్ చేయండి. ఆదాయం ఎంతున్నా ఆడవాళ్ళకు న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా లాయర్‌ని పెడుతుంది. లోక్ అదాలత్‌లో రాజీ కుదిరితే అది కోర్టు డిక్రీతో (తీర్పుతో) సమానం. ఈలోగా పొలం అమ్మేస్తారేమో అన్న అనుమానం ఉంటే, పంపకాల దావాతో పాటే ఇంజంక్షన్ (అమ్మకుండా ఆపే కోర్టు ఉత్తర్వు) కూడా అడగమని లాయర్‌కి చెప్పండి.