కార్తీకంలో కన్యాకుమారి దాకా: తీరం వెంట బయలుదేరే ముందు జాగ్రత్తలు

"అల్పపీడనం తమిళనాడు వైపు వెళ్లిపోయింది, మనకు ముప్పు లేదు." అక్టోబరు, నవంబరు నెలల్లో టీవీలో ఈ మాట వినగానే మన ఇళ్లలో హమ్మయ్య అనుకుంటాం. అదే వారంలో మహాబలిపురం, పుదుచ్చేరి, చిదంబరం, వేళాంగణి, రామేశ్వరం, తిరుచెందూరు, కన్యాకుమారి చుట్టి రావడానికి బండి మాట్లాడుకున్న కుటుంబం మాత్రం ఆ మాట విని ఆగి ఆలోచించాలి. వాళ్లు వెళ్లబోయేది ఆ అల్పపీడనం వెళ్తున్న చోటికే.

దసరా వెళ్లేసరికి మన వైపు చాలా జిల్లాల్లో వానలు వెనకబడతాయి. తమిళనాడు తీరంలో అసలు వానాకాలం అప్పుడే మొదలవుతుంది. ఈశాన్య రుతుపవనాలు మామూలుగా అక్టోబరు మూడో వారంలో వచ్చి డిసెంబరు దాకా ఉంటాయి. తమిళనాడుకు ఏడాదిలో కురిసే వానలో దాదాపు సగం ఈ మూడు నెలల్లోనే కురుస్తుంది. మన కార్తీక మాసం, అయ్యప్ప దీక్షలు, క్రిస్మస్ సెలవులు అన్నీ సరిగ్గా ఆ రోజుల్లోనే వస్తాయి. మొక్కు ఉంది, సెలవులు అప్పుడే దొరికాయి, వెళ్లక తప్పదు అంటే వెళ్లండి. కానీ వేసవిలో వేసుకున్న ప్లానుతో వెళ్లకండి. తేదీలు మీ చేతిలో ఉంటే మాత్రం సంక్రాంతి దాటాక, మార్చి లోపు పెట్టుకోండి. ఆ తీరానికి అంత మంచి కాలం మరొకటి లేదు.

ఈ దారిలో ఏ ఊరూ తుపానుకు కొత్త కాదు. 2011 డిసెంబరు 30న 'థానే' పుదుచ్చేరి, కడలూరు మధ్య తీరం దాటింది. 2017 నవంబరు చివర్లో 'ఓఖీ' కన్యాకుమారి జిల్లాను అతలాకుతలం చేసింది. 2018 నవంబరు 16న 'గజ' వేదారణ్యం దగ్గర తీరం దాటాక కావేరి డెల్టా పల్లెలకు చాలా రోజులు కరెంటు లేదు. 2024 నవంబరు 30న 'ఫెంగల్' పుదుచ్చేరిని ముంచింది. పేరున్న తుపాను లేకపోయినా వాన వదలదు. 2023 డిసెంబరు 17, 18 తేదీల్లో తిరుచెందూరు పక్కనే ఉన్న కాయల్‌పట్నంలో ఒక్క రోజులో 95 సెంటీమీటర్ల వాన పడింది. తిరుచెందూరు నుంచి చెన్నై బయలుదేరిన రైలు శ్రీవైకుంఠం స్టేషన్‌లో వరద మధ్య చిక్కుకుపోయింది. దాదాపు 800 మంది ప్రయాణికుల్లో చాలామంది ఒక రోజుకు పైగా అక్కడే ఉండిపోవాల్సి వచ్చింది.

ఇవన్నీ భయపెట్టడానికి చెప్పడం లేదు. ఈ యాత్రలో ప్రాణాల మీదకు తెచ్చేది చాలాసార్లు తీరిక లేని ప్లానే అని నా గట్టి నమ్మకం. ఆరు రోజుల్లో పది ఊళ్లు పెట్టుకుంటే డ్రైవరుకు నిద్ర ఉండదు. చీకటి పడ్డాక పడవ ఎక్కుతాం. ముందు రోడ్డు మీద నీళ్లు పారుతున్నా, రాత్రికి లాడ్జి బుక్ అయ్యిందని బండి దించుతాం. ఆరు రోజుల జాబితాకు ఎనిమిది రోజులు కేటాయించండి. అందులో ఒక రోజు ఎక్కడా ఏమీ పెట్టుకోకుండా ఖాళీగా వదిలేయండి. అది కుదరకపోతే రెండు ఊళ్లు తీసేయండి. చిదంబరం, వేళాంగణి, రామేశ్వరం ఒక యాత్ర. తిరుచెందూరు, కన్యాకుమారి, తిరువనంతపురం ఇంకో యాత్ర. రెండూ ఒకే విడతలో అయిపోవాలని ఏ దేవుడూ అడగడు.

డ్రైవరు నిద్ర

అన్నిటికంటే ముందు చూడాల్సింది ఇదే. విజయవాడ నుంచి టెంపో ట్రావెలర్ మాట్లాడుకుంటే కన్యాకుమారి నుంచి తిరిగి రావడమే 1,100 కిలోమీటర్లకు పైన. చాలామంది సూర్యోదయం చూసి, దర్శనం చేసుకుని, మధ్యాహ్నం బయలుదేరి, ఒక్క ఊపులో ఇంటికి చేరాలనుకుంటారు. బండిలో పన్నెండు మంది నిద్రపోతుంటారు. మేలుకుని ఉండాల్సిన ఒక్క మనిషికి అప్పటికి వారం రోజుల నిద్ర బాకీ ఉంటుంది. తెల్లవారుజామున రెండు నుంచి అయిదు గంటల మధ్య టీ తాగినా, ముఖం కడుక్కున్నా ఆ నిద్ర ఆగదు.

మోటారు రవాణా కార్మికుల చట్టం 1961లోనే వచ్చింది. రోజుకు ఎనిమిది గంటల పని, అయిదు గంటలు నడిపాక కనీసం అరగంట విరామం అని అందులో రాశారు. బండి మాట్లాడేటప్పుడే ఈ లెక్క ప్రకారం రోజులు వేసుకోండి. రాత్రి పది నుంచి ఉదయం అయిదు దాకా బండి కదలదని ముందే చెప్పేయండి. తిరుగు ప్రయాణంలో మదురైలోనో తిరుచ్చిలోనో ఒక రాత్రి ఆగండి. ఒకే దూకులో రాక తప్పదంటే ఇద్దరు డ్రైవర్లను అడగండి.

ఇంకో మాట. మనం లాడ్జిలో ఫ్యాన్ కింద పడుకుంటాం, డ్రైవరు బండిలో దోమల మధ్య పడుకుంటాడు. బత్తా ఇచ్చాం కదా అని ఊరుకుంటాం. వానాకాలంలో అద్దాలు మూస్తే ఉక్క, తెరిస్తే జల్లు. ఆయనకూ ఒక మంచం బుక్ చేయండి. డ్రైవర్లకు విడిగా పడక ఉందా అని లాడ్జిలో ముందే కనుక్కోండి, లేకపోతే మీరే ఇంకో గది తీసుకోండి. మొత్తం ఖర్చులో అదెంత? లేదంటే రాత్రి నిద్ర లేని మనిషి చేతిలో మీ పిల్లలు ఉంటారు.

వాన పట్టుకుంటే

వాతావరణ శాఖ చెప్పేది వరుసగా వినండి: అల్పపీడనం, వాయుగుండం, తీవ్ర వాయుగుండం, తుపాను. అల్పపీడనం అన్నప్పుడే తర్వాతి మూడు మజిలీలు ఏ జిల్లాల్లో ఉన్నాయో చూసుకోవాలి. వాయుగుండం అన్నాక తీరం రోడ్డు వదిలి లోపలి దారి పట్టాలి. తుపాను అని పేరు పెట్టేదాకా ఆగితే అప్పటికి అందరూ ఒకేసారి బయలుదేరతారు, గదులూ దొరకవు, రైళ్లూ రద్దవుతుంటాయి. ఫోన్‌లో 'మౌసమ్', 'సచేత్' యాప్‌లు పెట్టుకోండి. రెండూ ప్రభుత్వానివే. మీరున్న జిల్లాకు ఆరెంజ్ అలర్ట్ ఉంటే ఆ రోజు దూర ప్రయాణం మానుకోండి. రెడ్ అలర్ట్ ఉంటే గది దాటొద్దు.

ప్రతి మజిలీలోనూ లోపలికి పోయే దారి ఏదో ముందే తెలిసి ఉండాలి. చిదంబరం, నాగపట్నం వైపు ఉంటే తంజావూరు మీదుగా తిరుచ్చికి. కన్యాకుమారి, తిరుచెందూరు వైపు ఉంటే తిరునెల్వేలి మీదుగా మదురైకి. కన్యాకుమారిలో మొదలయ్యే 44వ నంబరు జాతీయ రహదారి మదురై, సేలం, బెంగళూరు, అనంతపురం, కర్నూలు మీదుగా హైదరాబాద్ వస్తుంది. రాయలసీమ, తెలంగాణ వాళ్లకు చెన్నై ముఖం చూడకుండా ఇల్లు చేరే దారి అది.

రామేశ్వరం సంగతి వేరు. అది దీవి. బండ్లకు పాంబన్ వంతెన ఒక్కటే దారి, గాలి పెరిగితే రాకపోకలు ఆపేస్తారు. పక్కనే 2025 ఏప్రిల్‌లో ప్రారంభించిన కొత్త రైలు వంతెన మీద కూడా గాలి ఒక వేగం దాటితే రైళ్లు నడపరు. కాబట్టి బంగాళాఖాతం నైరుతి భాగంలోనో మన్నారు సింధుశాఖ వైపో వాయుగుండం ఉందంటే దీవిలోకి అడుగు పెట్టకుండా రామనాథపురంలోనే ఆగండి, లేదా మదురై వెళ్లిపోండి. ధనుష్కోటి మొన మీద నిలబడితే రెండు వైపులా సముద్రమే. 1964 డిసెంబరు 22 అర్ధరాత్రి వచ్చిన తుపాను ఆ ఊరిని, స్టేషన్ చేరబోతున్న పాసింజరు రైలును కూడా తీసుకుపోయింది. మబ్బు పట్టిన రోజు అక్కడికి వెళ్లకండి. వెళ్లిన రోజు సాయంత్రం పోలీసులు వెనక్కి పొమ్మనే దాకా ఉండకండి.

కడలూరు నుంచి నాగపట్నం దాకా కావేరి డెల్టా పల్లపు నేల. 2022 నవంబరులో శీర్గాళిలో ఒక్క రోజులో 44 సెంటీమీటర్ల వాన పడింది. మన కృష్ణా, గోదావరి డెల్టాల్లో పుట్టినవాళ్లకు ఆ నేల తీరు చెప్పక్కర్లేదు: వాన ఆగిపోయినా నీళ్లు కదలవు. రోడ్డు మీద నీళ్లు పారుతుంటే బండి దించకండి. అడుగు లోతు పారే నీరు చిన్న కారును తేల్చేస్తుంది, రెండడుగులుంటే పెద్ద బండినీ నెట్టేస్తుంది. ముందు బస్సు వెళ్లిందని మీరు వెళ్లొద్దు. నీళ్లలో ఇంజన్ ఆగితే మళ్లీ స్టార్ట్ చేయకుండా అందరూ దిగి గట్టుకు చేరండి. ఇంటికి దగ్గరపడ్డాం కదా అని ధీమా కూడా వద్దు. 2021 నవంబరులో పెన్నా వరదకు నెల్లూరు పక్కన పడుగుపాడు దగ్గర జాతీయ రహదారి, రైలు పట్టాలు రెండూ కోసుకుపోయాయి.

సముద్ర స్నానం

స్నానానికి దిగే చోట స్థానిక జాలర్లనో లైఫ్‌గార్డునో ఒక్క మాట అడగండి. తమిళం రాకపోతే చెయ్యి చూపించి అడిగినా అర్థమవుతుంది. వాళ్లు తల అడ్డంగా ఊపితే ఇక ప్రశ్న లేదు.

అలలు విరగకుండా ప్రశాంతంగా కనిపించే చోటే పిల్లలను దించుతాం. చాలాసార్లు ప్రమాదం అక్కడే ఉంటుంది. ఒడ్డుకు వచ్చిన నీరంతా తిరిగి లోపలికి పోయే దారి అది. రెండు వైపులా తెల్లటి నురగ, మధ్యలో కాస్త రంగు మారిన నీటి పాయ కనిపిస్తే దాన్ని రిప్ కరెంట్ అంటారు. అది మనిషిని అడుగుకు లాగదు, లోపలికి మోసుకుపోతుంది. ఎదురీదితే అలసిపోయి మునుగుతారు. తేలుతూ ఊపిరి కాపాడుకుని, ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది, లాగుడు తగ్గాక ఒడ్డు వైపు రావాలి. ఈత రాకపోతే వెల్లకిలా తేలుతూ చెయ్యెత్తి పిలవాలి. కొట్టుకుపోతున్నవాళ్ల వెంట ఈత రాకుండా దూకొద్దు. ఖాళీ డబ్బా, తాడు, చీర, ఏది దొరికితే అది విసరండి. ఒకరి కోసం ఇంకొకరు దిగి ఇద్దరూ పోవడం మన తీరంలోనూ చూస్తూనే ఉన్నాం.

ఆకాశం నిర్మలంగా ఉన్నా సముద్రం పొంగే రోజులుంటాయి. దూరాన హిందూ మహాసముద్రంలో పుట్టిన పెద్ద అలలు గాలీ వానా లేకుండానే కేరళ, కన్యాకుమారి తీరాలకు వచ్చి పడతాయి. కేరళ జాలర్లు దాన్ని 'కల్లక్కడల్' అంటారు. వేసవి సెలవుల్లో, ముఖ్యంగా ఏప్రిల్, మే నెలల్లో వెళ్లేవాళ్లు దీన్ని గుర్తుంచుకోవాలి. 2024 మేలో ఇలాంటి హెచ్చరిక ఉన్న రోజుల్లోనే కన్యాకుమారి జిల్లాలో ఒక బీచ్‌లో అయిదుగురు వైద్య విద్యార్థులు కొట్టుకుపోయి చనిపోయారు. ఈ అలల హెచ్చరికలు ఇచ్చే ఇన్‌కాయిస్ మన హైదరాబాద్‌లోనే ఉంది. బీచ్‌కు బయలుదేరే ఉదయం వాళ్ల వెబ్‌సైట్ ఒకసారి చూస్తే సరిపోతుంది.

కన్యాకుమారిలో రాళ్ల మీద నాచు ఉంటుంది, ఫొటో కోసం అంచుకు పోకండి. పుదుచ్చేరి ప్రామెనేడ్ బండరాళ్లదీ అదే తీరు. కేరళలోని వర్కల బీచ్ పక్కన కొండ అంచు మట్టి వానకు విరిగిపడుతుంది. జెల్లీఫిష్ తగిలితే ఇసుకతో రుద్దకండి, సముద్రపు నీటితోనే కడగండి. ఊపిరి ఆడకపోయినా, ఒళ్లంతా దద్దుర్లు వచ్చినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

పడవలు

కన్యాకుమారిలో వివేకానంద శిలకు తమిళనాడు ప్రభుత్వ సంస్థ పూంపుహార్ పడవలు తిరుగుతాయి. సముద్రం బాగా లేకపోతే ఆపేస్తారు. ఆపిన రోజు ఒడ్డు నుంచే దణ్ణం పెట్టుకుని రండి. ఇంకో పడవ మాట్లాడుకునే ప్రయత్నం చేయొద్దు. కేరళలోని తానూరులో 2023 మే 7న కిక్కిరిసిన పడవ పొద్దుపోయాక బయలుదేరి తిరగబడి 22 మంది చనిపోయారు, అందులో ఎక్కువమంది పిల్లలు. 2019లో గోదావరిలో కచ్చులూరు దగ్గర జరిగింది మనం మర్చిపోలేం. చిదంబరం పక్కన పిచ్చావరం మడ అడవులైనా, కేరళలో అలెప్పీ అయినా లైఫ్ జాకెట్ బకిల్ పెట్టాకే పడవ కదలాలి. పిల్లల సైజు జాకెట్ లేకపోతే పిల్లలను ఎక్కించకండి. సూర్యాస్తమయం తర్వాత పడవ వద్దు.

పెద్దవాళ్లు, మందులు, డబ్బు

రామేశ్వరంలో 22 తీర్థాల స్నానమంటే తడి బట్టలతో, తడి రాతి నేల మీద చాలాసేపు నడక. మోకాళ్ల నొప్పులున్న అమ్మమ్మలకు, నాన్నలకు ఒకరు చెయ్యి పట్టుకుని నడవాలి. ఓపిక లేకపోతే తలపై చల్లుకున్నా చాలు. పొడి బట్టలు ఒకరి దగ్గర సిద్ధంగా ఉంచండి. బీపీ, షుగర్ మందులు యాత్ర రోజులకు ఇంకో నాలుగు రోజులు కలిపి తీసుకోండి, వరదలో చిక్కుకుంటే మందుల షాపు తెరిచి ఉండదు. తుపాను తర్వాత కరెంటు, సిగ్నల్ లేకపోతే ఫోన్‌పే పనిచేయదు, ఏటీఎం పనిచేయదు. రెండు రోజుల తిండికి, డీజిల్‌కు సరిపడా నోట్లు విడిగా ప్లాస్టిక్ కవర్‌లో పెట్టుకోండి. వరద నీళ్లలో నడిచిన తర్వాత జ్వరం వస్తే ఆ సంగతి డాక్టరుకు తప్పక చెప్పండి, ఎలుక జ్వరం అలాగే వస్తుంది.

గదులు బుక్ చేసేటప్పుడు రద్దు చేసుకుంటే డబ్బు తిరిగొచ్చేవే చూడండి. వంద, రెండొందలు ఎక్కువైనా ఫర్వాలేదు. డబ్బు పోతుందన్న బాధతోనే మనుషులు వానలో బయలుదేరతారు. రైలును రైల్వేయే రద్దు చేస్తే టికెట్ డబ్బు పూర్తిగా వస్తుంది, మూడు గంటలకు మించి ఆలస్యమై మీరు ఎక్కకపోయినా వస్తుంది, కానీ దానికి సమయంలోగా టీడీఆర్ (డబ్బు వాపసు కోరే దరఖాస్తు) వేయాలి.

ఇంట్లో ఉండే ఒకరికి రోజువారీ మజిలీలు, బండి నంబరు, డ్రైవరు ఫోను ఇచ్చి వెళ్లండి. రోజూ రాత్రి ఏ ఊళ్లో ఆగారో ఒక మెసేజ్ పెట్టండి. ఈ నంబర్లు అందరి ఫోన్లలోనూ, ఒక కాగితం మీదా ఉండాలి: ఏ అత్యవసరానికైనా 112, అంబులెన్స్ 108, జాతీయ రహదారి మీద సాయానికి 1033, రైల్వే 139, జిల్లా విపత్తు కంట్రోల్ రూమ్ 1077, సముద్రంలో ఆపదకు కోస్ట్ గార్డ్ 1554.