పరగడుపున అంటే ఎప్పుడు? (పెద్దలకు మందుల సమాచారం – 4వ పాఠం)

గత పాఠంలో మందుల చీటీని పెద్ద అక్షరాలతో తిరగరాయడం నేర్చుకున్నాము. అయితే హైదరాబాదు పాతబస్తీలో ఆ చీటీ పట్టుకుని వచ్చే డెబ్బై ఏళ్ల పెద్దమనిషికి తెలుగు చదవడం రాకపోవచ్చు. ఇంట్లో దక్కనీ (హైదరాబాదు వైపు మాట్లాడే ఉర్దూ) మాట్లాడేవారే అయినా ఉర్దూ లిపి కూడా రాకపోవచ్చు. 2017లో ఉర్దూ తెలంగాణ అంతటా రెండవ అధికార భాష అయింది గాని, చదువు రాని మనిషికి ఏ లిపి అయినా ఒకటే. కనుక ఈ పాఠంలో కాగితాన్ని పక్కన పెట్టి, నోటితో చెప్పడం సాధన చేద్దాము.

ముందుగా మాటల సంగతి. పుస్తకాల్లో 'మాత్ర' అని రాస్తారు, కోస్తాలో 'బిళ్ళ' అంటారు, తెలంగాణలో 'గోలి' అంటారు. దక్కనీలోనూ, మరాఠీలోనూ దాదాపు అదే మాట. అలాగే 'రక్తపోటు', 'మధుమేహం' అనడం కంటే బీపీ, షుగర్ అంటే ఏ ఇంట్లోనైనా తెలుస్తుంది. శుద్ధమైన అనువాదం కోసం తడుముకోవడం కంటే, అందరి నోటా నలిగిన మాటను పట్టుకోవడమే మేలని నా అభిప్రాయం.

అసలు చిక్కు వేళల దగ్గర వస్తుంది. థైరాయిడ్ గోలి పరగడుపున వేసుకోవాలని ఒక పెద్దావిడకు 'నహార్ ముంహ్' అని నేనే దక్కనీలో చెప్పాను. ఆమె కొన్ని నెలలపాటు రోజూ పొద్దున్నే, ఏమీ తినకుండా, పాలు పోసిన చాయ్‌తో ఆ గోలి మింగింది. చాయ్ తాగడం ఆమె లెక్కలో తినడం కాదు, ఆ మాటకొస్తే మన ఇళ్లలోనూ కాదు. పాలలోని కాల్షియం ఆ మందు ఒంటికి పట్టకుండా అడ్డుపడుతుంది. నా అనువాదంలో తప్పు లేదు; లేవగానే ఏం చేస్తారని అడగకపోవడమే నా తప్పు. అందుచేత 'పరగడుపున' అని ఊరుకోకుండా, "లేవగానే మంచినీళ్లతో గోలి వేసుకోండి, గంట ఆగి చాయ్ తాగండి" అని పనుల వరుసలో చెప్పాలి.

తేదీలదీ ఇదే తీరు. ఉర్దూలో 'కల్' అంటే నిన్నా అవుతుంది, రేపూ అవుతుంది; దక్కనీలో 'పర్సోం' అంటే మొన్న కావచ్చు, మూడు నెలల కిందట కూడా కావచ్చు. కీళ్లవాతానికి వారానికి ఒక్కసారి మాత్రమే వేసుకోవలసిన మెథోట్రెక్సేట్‌ను పొరపాటున రోజూ వేసుకుంటే ఎముక మజ్జ దెబ్బతిని ప్రాణం మీదికి వస్తుంది. అటువంటి మందుకు వారం పేరే చెప్పాలి: నమాజుకు వెళ్లే వారికి జుమ్మా (శుక్రవారం), వెంకన్నకు మొక్కే వారికి శనివారం. రంజాన్ ఉపవాసాలలో వేళలు సహరీ (తెల్లవారకముందు తినే భోజనం), ఇఫ్తార్ (సాయంత్రం ఉపవాసం విడవడం) చుట్టూ తిరుగుతాయి గనుక షుగర్ మందు వేళ మార్చే పని డాక్టరుకే వదిలి, నెల మొదలుకాక ముందే వారిని పంపండి.

చెప్పడం అయ్యాక "అర్థమైందా?" అని అడగవద్దు. మర్యాదకైనా "హౌ" (అవును) అంటారు. "ఖాలా (పిన్నీ), నేను సరిగా చెప్పానో లేదో చూసుకోవాలి, ఇంటికి వెళ్లాక ఏ గోలి ఎప్పుడు వేసుకుంటారో చూపించండి" అని మందుల అట్టలు వారి చేతికే ఇవ్వండి. తడబడితే చెప్పిన తీరు మార్చి మళ్లీ చెప్పండి, గొంతు పెంచవద్దు. వయసుతో ముందు సన్నని ధ్వనులే వినబడకుండా పోతాయి గనుక, ఎదురుగా కూర్చుని, నెమ్మదిగా, కొంచెం మంద్రంగా పలికితే చాలు. పక్కనున్న మనవడిని దుబాసీగా పెట్టుకోవద్దు. మూత్రం సంగతి వాడి ముందు ఏ నానమ్మా చెప్పదు.

అభ్యాసం: మీ ఇంట్లోనో వీధిలోనో ఉన్న ఒక పెద్దవారిని, పొద్దున లేచినప్పటి నుండి పడుకునే దాకా ఏమేమి చేస్తారో వారి మాటల్లోనే చెప్పమనండి. చాయ్, స్నానం, పూజ లేదా నమాజు, భోజనం, సీరియల్ – ఏదీ వదలకుండా వరుసగా రాసుకోండి. తరువాత వారి మందుల చీటీలోని ఒక్కొక్క గోలిని ఆ వరుసలో ఒక పనికి ముడివేయండి. ఏ పనికీ ముడిపడని గోలి మిగిలితే దాన్ని గుర్తు పెట్టి ఉంచండి; 5వ పాఠం దానితోనే మొదలవుతుంది.