ట్రాక్ కోసం కారు క్యాంబర్‌ను సరిచేసుకునే విధానం

విజయవాడ నుంచి ట్రాక్‌పై కారు నడపాలనుకుంటే, చెన్నై దాటి శ్రీపెరంబుదూరు దగ్గరున్న ఇరుంగాట్టుకోట్టై సర్క్యూట్‌కు సుమారు 450 కిలోమీటర్లు వెళ్లాలి. మనలో చాలామంది అదే కారులో వెళ్లి, అదే కారులో తిరిగి వస్తారు కనుక, ఎంచుకునే క్యాంబర్, అంటే చక్రం నిలువు నుంచి లోపలికో బయటికో వాలి ఉన్న కోణం, ట్రాక్‌తోపాటు హైవేకు కూడా పనికిరావాలి.

ముందు నుంచి చూసినప్పుడు చక్రం పైభాగం లోపలికి వాలి ఉంటే దానిని నెగెటివ్ క్యాంబర్ అంటారు. స్విఫ్ట్ వంటి మెక్‌ఫర్సన్ స్ట్రట్ (స్ప్రింగు, షాక్ అబ్జార్బర్ కలిసి ఉన్న నిలువు కాడ) కార్లలో, మలుపులో బాడీ ఒరిగినప్పుడు బరువు మోసే బయటి టైరు కూడా దానితోపాటు ఒరిగి, తన బయటి అంచు మీదే నిలుస్తుంది. చక్రాన్ని ముందుగానే లోపలికి వాల్చి ఉంచితే, ఆ సమయంలో టైరు వెడల్పంతా నేలకు ఆనుతుంది. మామూలు రోడ్డు టైర్లతో ముందు చక్రాలకు మైనస్ 2 డిగ్రీల దగ్గర మొదలుపెట్టడం మంచిదని నా అభిప్రాయం. మరీ ఎక్కువైతే బ్రేకు వేసినప్పుడు పట్టు తగ్గుతుంది.

బాల్ జాయింట్లు, బుష్‌లు, టై రాడ్ ఎండ్‌లు, వీల్ బేరింగ్‌లలో వదులు ఉంటే ముందు వాటిని మార్చాలి. స్ట్రట్‌ను నకిల్‌కు (చక్రాన్ని పట్టి ఉంచే భాగానికి) రెండు బోల్టులతో బిగించిన కార్లలో పై బోల్టుకు బదులు, వాలును మార్చుకునే వీలున్న క్యాంబర్ బోల్టు వేయవచ్చు. అయితే టైరు స్ట్రట్‌కు దగ్గరవుతుంది కనుక మధ్యలో ఖాళీ మిగిలిందో లేదో చూడాలి. ఆ ఇబ్బంది లేకుండా స్ట్రట్‌నే పైన లోపలికి జరిపేది క్యాంబర్ ప్లేటు.

ఆటోనగర్‌లో అలైన్‌మెంట్ చేయించేటప్పుడు డ్రైవర్ సీటులో మీ బరువుకు సరిపడా బియ్యం బస్తాలు ఉంచండి. యంత్రం తెర మీద ఆకుపచ్చ రంగు కంపెనీ హద్దులను మాత్రమే చూపుతుంది కాబట్టి, మనకు కావలసిన కొలతను మెకానిక్‌కు ముందే చెప్పాలి. ఇంటి దగ్గరైతే రసమట్టంతో నేల సమంగా ఉందని చూసుకుని, తాపీ మేస్త్రి వాడే గుండు దారాన్ని చక్రం పక్కన వేలాడదీసి, రిమ్ పై అంచుకూ కింది అంచుకూ దారం నుంచి ఉన్న దూరాలను కొలవండి. ఆ రెండు అంచుల మధ్య 400 మిల్లీమీటర్లు ఉంటే, ఒక్కో డిగ్రీకి 7 మిల్లీమీటర్ల తేడా వస్తుంది.

క్యాంబర్ మారితే టో, అంటే పైనుంచి చూసినప్పుడు చక్రాల ముందు అంచులు లోపలికో బయటికో తిరిగి ఉండడం, కూడా మారుతుంది కాబట్టి టోను చివరగా సరిచేయాలి. ఒకసారి నేను దానిని చూడకుండానే బయలుదేరితే, తిరిగి వచ్చేసరికి ముందు టైర్ల లోపలి అంచులు అరిగిపోయాయి. హైవే ప్రయాణం ఉన్నవారు టోను సున్నా దగ్గర ఉంచుకోవడమే మేలు.

మనం పెట్టుకున్న క్యాంబర్ సరైనదో కాదో తేల్చేది టైరే. వేగంగా తిరిగిన ల్యాపుల తరువాత నెమ్మదిగా మరో ల్యాపు తిరగకుండా పిట్‌లోకి వచ్చి, టైరు లోపలి అంచు, మధ్యభాగం, బయటి అంచులలో సూది ఉన్న థర్మామీటర్‌తో వేడి కొలవండి. లోపలి అంచు 5 నుంచి 10 డిగ్రీల సెల్సియస్ ఎక్కువగా ఉంటే క్యాంబర్ సరిపోయినట్లే. బయటి అంచు వేడెక్కితే ఇంకొంచెం నెగెటివ్ ఇవ్వాలి. మధ్యభాగం వేడెక్కితే గాలి తగ్గించాలి. మొదటి సెషన్ తరువాత చక్రాల నట్లనూ, క్యాంబర్ బోల్టులనూ కారు మాన్యువల్‌లోనూ బోల్టు తయారీదారు సూచనల్లోనూ ఉన్న టార్క్ (బిగింపు బలం) ప్రకారం మళ్లీ సరిచూడాలి.