కాలెండ్యులా మదర్ టింక్చర్: చిన్న గాయాలకు వాడే తీరు

కాలెండ్యులా బంతిని పోలిన ఒక పువ్వు. హోమియో షాపులో దాని మందు అడిగితే 30, 200 పొటెన్సీ మాత్రలూ ఉంటాయి, 'క్యూ' అని రాసిన సీసా కూడా ఉంటుంది. గాయానికి కావలసింది క్యూ, అంటే మదర్ టింక్చర్. 30 పొటెన్సీ అంటే వందో వంతు చొప్పున 30 సార్లు పలుచన చేసినది, అందులో పువ్వు సారం మిగిలే వీల్లేదు. క్యూలో మాత్రం ఆల్కహాల్‌లోకి దిగిన అసలు సారం ఉంటుంది. గీరుకున్న చోట, ఒరుసుకుపోయిన చర్మానికి, నోటిపూతకు యూరప్‌లో తరతరాలుగా వాడుతున్నది ఈ పువ్వునే. 2004లో ప్రచురితమైన ఫ్రాన్స్ పరీక్షలో, రొమ్ము క్యాన్సర్‌కు రేడియేషన్ తీసుకున్నవారి చర్మం కమలకుండా కాలెండ్యులా లేపనం ట్రోలమైన్ అనే మరో లేపనం కన్నా మెరుగ్గా కాపాడింది. మిగతా వాడకాలకు ఆధారం చాలావరకు అనుభవమే.

గుమ్మానికి కట్టే బంతి ఇది కాదు. బంతి ఆకు చీలికలుగా ఉంటుంది, విత్తనం సన్నగా నిటారుగా ఉంటుంది. కాలెండ్యులా ఆకుకు చీలికలుండవు, విత్తనం కొడవలిలా వంగి ఉంటుంది. పువ్వు కోస్తే వేళ్లకు జిగురు అంటుతుంది. ఆ జిగురు రేకుల్లో కన్నా కింది పచ్చటి భాగంలోనే ఎక్కువ. అందుకే ఇంట్లో నువ్వుల నూనెలో నానబెట్టుకునేవారు రేకులు దూయకుండా పువ్వు మొత్తం వేయాలి. అదీ నీడలో గలగలలాడేలా ఎండాకే, తడి ఉంటే బూజు పడుతుంది.

ముందు గాయాన్ని కుళాయి ధార కింద కడగండి. ఇసుక, మట్టి లోపలుండగా ఏ టింక్చర్ పోసినా దండగే. కాచి చల్లార్చిన 50 మి.లీ. నీళ్లలో 5 మి.లీ. క్యూ కలిపి, శుభ్రమైన గాజుగుడ్డ తడిపి 10 నిమిషాలు గాయం మీద ఉంచండి. రోజుకు రెండుసార్లు చాలు. ఎప్పటికప్పుడు కలుపుకోండి, మిగిలినవి పారబోయండి. చాలామంది సీసా నుంచి నేరుగా పోసేస్తారు. ఆల్కహాల్ భగ్గున మండుతుంది, కొత్తగా వస్తున్న చర్మం ఎండిపోతుంది. మంట పుడితే మందు పనిచేస్తోందని సంబరపడేవాళ్లూ ఉన్నారు!

నోటిపూతకైతే అర గ్లాసు గోరువెచ్చని నీళ్లలో 15 చుక్కలు కలిపి పుక్కిలించి ఉమ్మేయాలి. ఉమ్మడం రాని పిల్లలకు వద్దు.

లోతైన గాయం, మేకు దిగినది, చీము పట్టినది, షుగర్ ఉన్నవారి పాదం మీది పుండు: వీటికి డాక్టరే. పైన మూసుకుపోయి లోపల చీము నిలిస్తే పరిస్థితి ముదురుతుంది. కుక్క కరిస్తే సబ్బు నీళ్లతో 15 నిమిషాలు కడిగి, వెంటనే వ్యాక్సిన్‌కు వెళ్లాలి.

వయ్యారిభామ, చామంతి పడనివారు జాగ్రత్త, ఇదీ ఆ కుటుంబపు మొక్కే. పలుచన చేసిన నీళ్లు మోచేతి మడతలో రాసి 24 గంటలు చూడండి. దద్దురు లేస్తే వాడొద్దు.