డ్రాగ్ కారు మిక్చర్: సెన్సార్ చెప్పేది సగం, ప్లగ్ చెప్పేది సగం

టర్బో లేని, పెట్రోల్‌తో నడిచే కార్బ్యురేటర్ వి8 ఇంజన్‌తో పావు మైలు (402 మీటర్లు) పరిగెత్తే కారులో మిక్చర్, అంటే గాలి-పెట్రోల్ మిశ్రమం, సరిచేసే పద్ధతి ఇది.

వైడ్‌బ్యాండ్ ఆక్సిజన్ సెన్సార్‌ను (పొగలోని ఆక్సిజన్‌ను బట్టి మిక్చర్ చెప్పేది) ఒక పక్క నాలుగు ఎగ్జాస్ట్ పైపులూ కలిసిన తర్వాత బిగించండి. మొన కిందికి వాలి ఉండాలి, లేకపోతే నీటి చుక్క నిలిచి లోపలి సిరామిక్ పగులుతుంది. సెన్సార్‌కి ముందు గ్యాస్కెట్ లీకైతే బయటిగాలి చేరి, మిక్చర్ బాగున్నా లీన్ (పెట్రోల్ తక్కువ) అంటుంది. సీసం కలిసిన రేస్ పెట్రోల్ సెన్సార్‌ను త్వరగా తినేస్తుంది, స్పేర్ ఉంచుకోండి.

ఫుల్ థ్రాటిల్‌లో పవర్ 12.5–13.0 మధ్య (ఒక పాలు పెట్రోల్‌కి బరువులో అన్ని పాళ్ల గాలి) దొరుకుతుంది. మొదటి పరుగు 12.2 దగ్గర, రిచ్‌గానే (పెట్రోల్ ఎక్కువగానే) పెట్టండి. గేర్ మారేటప్పుడు అంకెలు ఎగిరిపడతాయి, వాటిని వదిలేసి టాప్ గేర్ చివరి రెండు సెకన్లు చూడండి.

అయితే ఆ అంకె నాలుగు సిలిండర్లకీ కలిపి వచ్చింది. ఒకటి 14లో మాడిపోతున్నా మిగతావి 12.5లో ఉంటే గేజ్ నిశ్చింతగానే కనిపిస్తుంది. పిస్టన్ కరిగేది ఇలాగే.

అందుకే కొత్త స్పార్క్ ప్లగ్‌లు వేసి పరిగెత్తండి. ఫినిష్ దాటగానే ఇగ్నిషన్ ఆపి, న్యూట్రల్ చేసి, అప్పుడు కాలు తీయండి. తాళం స్టీరింగ్ లాక్ దాకా తిప్పొద్దు, కిల్ స్విచ్ ఉంటే మేలు. ఇంజన్ వేసి కారును తిరిగి నడిపి తెస్తే ఐడిల్‌లో పట్టే మసి ప్లగ్ మీది గుర్తులన్నీ చెరిపేస్తుంది, కాబట్టి లాక్కురండి.

ప్లగ్ పింగాణీ మొన రంగు చూసి తీర్పు చెప్పేవాళ్లను నమ్మొద్దు. ఒక్క పరుగుకి అక్కడ రంగే పట్టదు. లైటున్న భూతద్దంతో పింగాణీ అడుగున చూడండి. సన్నటి మసి వలయం ఉంటే సరి, లేకపోతే లీన్, నల్లగా పైకి పాకితే రిచ్. గ్రౌండ్ స్ట్రాప్ (ప్లగ్ చివర వంగిన లోహపు కొక్కెం) మీద రంగు మారిన గీత టైమింగ్‌ది, అంటే స్పార్క్ పడే సమయానిది: వంపు దగ్గరుంటే సరి, మరల వైపు దిగితే అడ్వాన్స్ ఎక్కువ, స్పార్క్ మరీ ముందే పడుతోంది. పింగాణీ మీద నల్ల చుక్కలు గానీ మెరిసే అల్యూమినియం రవ్వలు గానీ ఉంటే డెటనేషన్ (మిక్చర్ అదుపు తప్పి పేలడం). టైమింగ్ తగ్గించకుండా మళ్లీ లైన్‌లోకి వెళ్లొద్దు.

సెన్సార్ లీన్ అంటూ ప్లగ్ నల్లగా తడిగా వస్తే అది మిస్‌ఫైర్ (సిలిండర్‌లో మిక్చర్ అంటుకోకపోవడం). కాలకుండా బయటికొచ్చిన ఆక్సిజన్‌నే సెన్సార్ లీన్‌గా లెక్కేస్తుంది. జెట్ (కార్బ్యురేటర్‌లో పెట్రోల్ కొలిచి వదిలే రంధ్రం) పెంచారా, ఇంకా ముదురుతుంది.

హోలీ కార్బ్యురేటర్ అయితే ఒకసారికి జెట్ రెండు నంబర్లే తగ్గించండి, 74 నుంచి 72కి. ఆ పరుగులో ఇంకేదీ ముట్టొద్దు. ఫలితాన్ని ఫినిష్ దగ్గరి వేగంతో కొలవండి, టైర్ జారితే చాలు ఇ.టి. (పరుగుకి పట్టిన సమయం) మారిపోతుంది. వేగం పెరగడం ఆగితే పాత జెట్ వేసేయండి. మధ్యాహ్నం వేడిలో కుదిరిన జెట్ సాయంత్రం చల్లగాలికి లీన్ అవుతుంది, ట్రాక్ మీదికి దిగేముందే ఒక నంబరు పెంచండి.