లారీ ఆయిల్ ప్రెషర్ ముల్లు తేడాగా చూపిస్తే: సమస్య - పరిష్కారం

ముల్లు సున్నాకు పడి, ఎర్ర లైటు వెలిగి, ఇంజన్లో టకటకమని చప్పుడు కూడా వస్తుంటే బండి పక్కకు తీసి వెంటనే ఇంజన్ ఆపేయండి. పక్క ఊరి దాకా మెల్లగా పోదామనుకుంటే బేరింగులతో పోయేది క్రాంక్ షాఫ్ట్ దాకా వస్తుంది. చప్పుడు లేకుండా ముల్లు ఒక్కటే పడినా ఆపాల్సిందే. కానీ ఆ మాత్రానికే ఛాంబరు (ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) విప్పించకండి. ముందు తేల్చుకోవాల్సింది ఒక్కటే: పడిపోయింది ప్రెషరా, మీటరా?

మామూలుగా ఎంత ఉండాలి

టాటా లారీల్లో బాగా తిరిగిన కమిన్స్ 6బీటీ 5.9 ఇంజన్ని ఉదాహరణగా తీసుకుందాం. బాగా వేడెక్కాక ఐడిల్‌లో కనీసం 10 పీఎస్‌ఐ (0.7 బార్), పూర్తి స్పీడులో కనీసం 30 పీఎస్‌ఐ (2.1 బార్) ఉండాలి. ప్రెషర్ మరీ పెరగకుండా ఆయిల్‌ని వదిలేసే రిలీఫ్ వాల్వు సుమారు 65 పీఎస్‌ఐ దగ్గర తెరుచుకుంటుంది. వేరే ఇంజనైతే దాని మాన్యువల్ అంకెలే చూడండి. వేడి ఐడిల్‌లో ముల్లు 15 దగ్గర నిలబడిందని భయపడి బేరింగులు మార్పించుకున్నవాళ్లు తక్కువేం కాదు.

ముందు డిప్‌స్టిక్

బండిని చదునైన చోట ఆపి, 10-15 నిమిషాలాగి చూడండి. ఆయిల్ తక్కువుంటే మలుపుల్లో, బ్రేకు వేసినప్పుడు, శ్రీశైలం ఘాట్ లాంటి ఎక్కుడు దారిలో ముల్లు పడి మళ్లీ లేస్తుంది. స్ట్రైనరు (ఛాంబరులో పంపు ఆయిల్ పీల్చే జాలీ) ఆయిల్‌తో పాటు గాలినీ పీలుస్తోందన్నమాట. ఆయిల్ పోసి ఊరుకోకుండా, అది ఎటు పోతోందో వెతకండి.

పోయకుండానే ఆయిల్ పెరిగిందంటే అంతకన్నా ప్రమాదం. డీజిల్ వాసన వస్తూ వేళ్ల మధ్య నీళ్లలా జారితే ఇంజెక్టర్ నాజిల్ కారుతుండొచ్చు, లేదా ఇంజన్ ఆయిలే లూబ్రికేషన్‌గా అందే ఎఫ్‌ఐపీలో (డీజిల్ ఇంజెక్షన్ పంపు) లీకు ఉండొచ్చు. బీఎస్-6 బండిలో డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టే ఫిల్టరు) రీజనరేషన్, అంటే ఆ మసిని కాల్చేసే పని, పదేపదే మధ్యలో ఆగిపోతున్నా డీజిల్ ఆయిల్లోకి దిగుతుంది. పాలకోవా రంగు తిరిగితే నీళ్లు కలిసినట్టే. ఆయిల్ కూలర్, హెడ్ గాస్కెట్ చూడాలి. లీకు కట్టకుండా ఆయిల్ మారిస్తే కొత్త ఆయిల్ కూడా దండగే.

మీటరు అబద్ధం చెబుతోందా?

సెండర్ (ఇంజన్ బ్లాకులో బిగించి, ప్రెషర్ని మీటరుకు తెలిపే పరికరం) విప్పి, ఆ రంధ్రంలో 0-10 బార్ మెకానికల్ గేజి బిగించి, ఇంజన్ వేడెక్కాక ఐడిల్‌లోనూ, రేస్ ఇచ్చీ చూడండి. ఆ అంకె సరిగ్గా ఉంటే జబ్బు ఇంజన్లో లేదు, సెండర్లోనో, వైరింగులోనో, మీటర్లోనో ఉంది. సెండర్, గేజి మరల్లో ఎం10×1, 1/8 ఎన్‌పీటీ అనే రెండు సైజులు చూపుకి ఒకేలా ఉంటాయి. ఒకదాంట్లో ఇంకొకటి బలవంతంగా తిప్పితే బ్లాకులో మర చెడుతుంది.

పాత ఒంటి వైరు సెండర్లు రెండు రకాలు. 10-180 ఓమ్స్ రకంలో కీ ఆన్ చేసి వైరు పీకితే ముల్లు ఫుల్లుకు పోతుంది, ఆ వైరును బాడీకి తాకిస్తే సున్నాకు వస్తుంది. 240-33 ఓమ్స్ రకంలో సరిగ్గా దీనికి తిరగబడి ఉంటుంది. ముల్లు ఇలా రెండు చివరలకీ పోతే మీటరు, వైరు బాగున్నట్టే, సెండర్ మార్చండి. కొత్తది మీటరుకు జోడైన రకమే కావాలి. వేరే రకం బిగిస్తే ముల్లు తలకిందులుగా చూపిస్తుంది. ఈ సెండర్ ఎర్త్ దాని మరల గుండానే అందుతుంది కాబట్టి మర నిండా టెఫ్లాన్ టేపు చుట్టకూడదు.

మూడు వైర్ల సెన్సార్లున్న బండ్లలో వైరును ఎర్త్ చేసే ప్రయోగం వద్దు. వాటిలో ఎక్కువ భాగం 5 వోల్టుల సప్లైతో నడుస్తాయి. ఇంజన్ ఆపి కీ ఆన్‌లో ఉంచితే సిగ్నల్ వైరులో 0.5 వోల్టు దగ్గర్లో రావాలి. స్కానరులో ఎస్‌పీఎన్ 100కి (ఆయిల్ ప్రెషర్ కోడు) ఎఫ్‌ఎంఐ (లోపం ఏ రకమో చెప్పే అంకె) 3 లేదా 4 వస్తే వైరింగు వెతకండి. ఎఫ్‌ఎంఐ 1 వస్తే ప్రెషర్ నిజంగానే తక్కువుందని అనుకుని మెకానికల్ గేజి పెట్టండి.

నిజంగానే తక్కువైతే

పంపు ఆయిల్‌ని తోస్తుందంతే. ఆ ఆయిల్ ఇరుకు సందుల్లోంచి వెళ్లాల్సి రావడం వల్ల ప్రెషర్ పుడుతుంది. అందుకే ప్రెషర్ ఎంత తగ్గిందన్న దానికంటే ఎప్పుడు తగ్గుతోందన్నదే ఎక్కువ చెబుతుంది.

చల్లగా ఉన్నప్పుడు బాగుండి, వేడెక్కాక ఐడిల్‌లో పడి, రేస్ ఇస్తే లేస్తుంటే మెయిన్, కనెక్టింగ్ రాడ్ బేరింగుల సందు పెరిగి ఉండొచ్చు, క్యామ్ బుష్ అరిగి ఉండొచ్చు. పాత ఫిల్టరు కోసి మడతలు విప్పి చూడండి. అయస్కాంతానికి అంటని మెరుపు పొడి, రాగి రంగు తునకలు కనిపిస్తే ఛాంబరు దింపక తప్పదు. క్రాంక్‌ని కొలవకుండా కొత్త షెల్స్ (బేరింగు ముక్కలు) వేయడం గుడ్డి పని. జర్నల్ (బేరింగులో తిరిగే క్రాంక్ భాగం) అరిగితే గ్రైండింగ్ చేయించి 0.25 మి.మీ. అండర్‌సైజు షెల్స్ వేయాలి.

ఐడిల్‌లో బాగుండి, రేస్ ఇస్తే పడిపోతుంటే స్ట్రైనరు మూసుకుపోయింది. మడ్డి పట్టడం ఒక కారణమైతే, గాస్కెట్‌కి ధారాళంగా పూసిన సిలికాన్ పేస్టు తునకలు ఊడి అడ్డుపడటం ఇంకో కారణం. ఛాంబరు దింపినప్పుడు సక్షన్ పైపు గాస్కెట్ కూడా మార్చండి. అక్కడ గాలి పీలిస్తే పొద్దున స్టార్టు చేయగానే ప్రెషర్ ఆలస్యంగా వస్తుంది, ముల్లు వణుకుతుంది.

ఎంత రేస్ ఇచ్చినా లేవకుండా ఒకేచోట ఉంటే రిలీఫ్ వాల్వు తెరిచి ఇరుక్కుని ఉండొచ్చు. వాల్వు, స్ప్రింగు తీసి కడిగి, గీతలు పడితే మార్చండి. చవకైన పని కాబట్టి పంపు దాకా పోకముందే ఇది చూడాలి. ఇంజన్ పని అయిన వెంటనే ప్రెషర్ తగ్గితే పిస్టన్ కూలింగ్ నాజిళ్లు (పిస్టన్ అడుగుకు ఆయిల్ చిమ్మేవి) బిగించారో లేదో చూడండి. ఒక్కటి లేకపోయినా ఆ రంధ్రంలోంచి ఆయిల్ ఊరికే కారిపోతుంది.

ముల్లు లేపడానికి చిక్కటి ఆయిల్, డబ్బా మందులు పోయడం మాత్రం వద్దు. ముల్లు లేస్తుంది, అరిగిన బేరింగు అరిగినట్టే ఉంటుంది. పైగా చలిపొద్దున టర్బోకు ఆయిల్ ఆలస్యంగా అందుతుంది.

మరీ ఎక్కువ చూపిస్తే

లంబసింగి చలిలో తెల్లవారుజామున స్టార్టు చేస్తే ఎక్కువ చూపడం సహజమే, వేడెక్కితే దిగుతుంది. దిగకపోతే సెండర్ చూడండి, పోసిన గ్రేడు చూడండి (15డబ్ల్యూ-40 పోయాల్సిన చోట 20డబ్ల్యూ-50 పోశారేమో), ఆ తర్వాత మూసుకుని ఇరుక్కున్న రిలీఫ్ వాల్వు. సెండర్ దాటాక ఆయిల్ దారి మూసుకుపోయినా గేజి బాగానే చూపిస్తుంది కానీ పైన రాకర్లు ఎండిపోతాయి. ట్యాపెట్ కవరు తీస్తే తెలిసిపోతుంది.

పని అయ్యాక

ఫిల్టరును శుభ్రమైన ఆయిల్‌తో నింపి బిగించండి. ఇంజన్ స్టార్టు కాకుండా స్టాప్ లాగి పట్టుకుని ముల్లు కదిలేదాకా సెల్ఫ్ కొట్టండి, ఒక్కోసారి 30 సెకన్లు మించకుండా, మధ్యలో 2 నిమిషాలు ఆగుతూ. స్టార్టయ్యాక 15 సెకన్లలో ప్రెషర్ రాకపోతే రేస్ ఇవ్వకుండా ఆపేసి, సక్షన్ పైపు దగ్గర్నుంచి మళ్లీ చూడండి.