మెట్ మ్యూజియం కళా పుస్తకాలు ఉచితంగా దింపుకుని వాడుకునే పద్ధతి

న్యూయార్క్‌లోని మెట్రొపాలిటన్ మ్యూజియం ఆఫ్ ఆర్ట్ తను అచ్చువేసిన కేటలాగులు, బులెటిన్లు, జర్నల్ సంచికలు చాలావాటిని వెబ్‌సైట్‌లో మెట్ పబ్లికేషన్స్ అనే విభాగంలో ఉచితంగా పెట్టింది. ముద్రణ ఆగిపోయిన పెద్ద కేటలాగులు కావాలంటే ముందు చూడాల్సింది అక్కడే.

పుస్తకం పేరు తెలియకపోతే చిత్రకారుడి పేరో, కాలమో ఇంగ్లిష్‌లో కొట్టి వెతకండి. జాబితాలో కనిపించినవన్నీ దిగవు. కొన్నింటికి వివరాలు మాత్రమే ఉంటాయి. పుస్తకం పేజీలో పీడీఎఫ్ లింకు ఉందో లేదో చూసుకోండి.

బొమ్మలు ఎక్కువున్న ఫైళ్లు బాగా బరువు. ఫోన్ బ్రౌజర్‌లోనే తెరిస్తే మధ్యలో మొరాయిస్తాయి. ముందు సేవ్ చేసి, పీడీఎఫ్ రీడర్‌లో తెరవండి. ఫైలు పాడైందని వస్తే డౌన్‌లోడ్ సగంలో తెగి ఉండొచ్చు. తీసేసి మళ్లీ దింపుకోండి.

రెండు పేజీలు పక్కపక్కన చూసేటప్పుడు అట్టను విడిగా చూపించే సెట్టింగ్ పెట్టాలి. లేకపోతే జతలు ఒక పేజీ జరిగిపోయి, రెండు పేజీల మీద పరిచిన బొమ్మ ముక్కలవుతుంది. ముందుమాటకు రోమన్ అంకెలుంటాయి కాబట్టి అచ్చు పేజీ నంబరూ ఫైలు నంబరూ కలవవు. ఒక్కచోట తేడా లెక్కగట్టుకుంటే సాధారణంగా మిగతా పుస్తకానికీ అదే సరిపోతుంది. స్కాన్ చేసిన పాత పుస్తకంలో వెతికిన పేరు రాకపోతే లేదనుకోవద్దు, వెనక పదసూచిక చూడండి.

చాలామంది పొరపడేది బొమ్మల దగ్గర. పుస్తకంలోంచి స్క్రీన్‌షాట్ తీసి పెద్దది చేస్తే అచ్చు చుక్కలు బయటపడతాయి. దాని బదులు బొమ్మ వివరాల్లో ఉండే యాక్సెషన్ నంబరు, అంటే మ్యూజియం తనకు చేరిన ప్రతి వస్తువుకూ ఇచ్చే నంబరు, పట్టుకోండి. వెర్మీర్ గీసిన నీళ్ల కూజా యువతి చిత్రానిది 89.15.21. మొదటి 89 అంటే మ్యూజియానికి చేరిన 1889వ సంవత్సరం. 2004లో వచ్చిన, దూచ్చో అనే ఇటలీ చిత్రకారుడి చిత్రానికి 2004.442 అని నాలుగంకెలు. ఈ నంబరును చుక్కలతో సహా మెట్ సైట్‌లోని కలెక్షన్ సెర్చ్‌లో కొడితే ఆ చిత్రం సొంత పేజీ వస్తుంది. బొమ్మకు ఓపెన్ యాక్సెస్ గుర్తుంటే పెద్ద సైజులో దింపుకోవచ్చు, వ్యాపారానికైనా వాడుకోవచ్చు. 2017 ఫిబ్రవరి నుంచి ఉన్న ఈ వెసులుబాటు ఆ బొమ్మలకే. పుస్తకంలోని రాతకు వర్తించదు. పాత కేటలాగులో ఒకరి పేరున ఉన్న చిత్రాన్ని తర్వాత వేరొకరి పేరుకు మార్చి ఉండొచ్చు, కాబట్టి ఉదహరించే ముందు సైట్‌లో ఆ చిత్రం పేజీ చూడటం మంచిది.

నంబరు కొట్టినా ఏమీ రాలేదా? ప్రదర్శన కేటలాగుల్లో అరువు తెచ్చిన చిత్రాలూ ఉంటాయి. యజమాని పేరు చూసి, ఆ మ్యూజియం సైట్‌లో వెతకండి.